ఉపకారము సింహాసనము కారాదు

అన్నము పెట్టిన చేతికి ఎదురు చెప్పరాదను నీతి మన తెలుగునేలపై ఎంత పాతదో నిర్ణయించుట కష్టము. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహము తలపెట్టరాదనుటలో కృతజ్ఞతయను సుగుణము కలదు. దానిని కాదనువారెవరును లేరు. కాని ఆ సుగుణమునే ఆసరాగా గొని, ఉప్పు పెట్టినవాడు తిన్నవాని నోటిని, ఓటును, తుదకు వాని మనస్సాక్షిని సైతము తనఖా పట్టుకొను సంప్రదాయము కూడ దాని నీడలోనే పెరిగి పెద్దదైనది. నాయకత్వమును గూర్చి, విశేషించి సేవించువాడే నాయకుడని బోధించు క్రైస్తవ ధర్మమును గూర్చి నాలుగు మాటలు వ్రాయుటకు నన్ను పురికొల్పినది ఈ తనఖా వ్యవహారమే. సేవయే నాయకత్వమను మాట నేడు సభావేదికలపై ఎంత సులభముగా పలుకబడుచున్నదనగా, దానిని పలుకని నాయకుడు కానవచ్చుట అరుదు. ఎవరు ఎంత పెట్టినారని లెక్కించుట కంటె, పెట్టిన పిమ్మట పుట్టిన ఋణమును వారేమి చేసినారని విచారించినప్పుడే ఆ మాటలోని నిజమెంతయో, నటన యెంతయో బయటపడునని నా నమ్మకము.

పస్కా పండుగకు ముందటి రాత్రి యేసుప్రభువు భోజనపు పంక్తి నుండి లేచి, పైవస్త్రమును తీసి ప్రక్కనుంచి, నడుమునకు తువాలు చుట్టుకొని, పళ్లెములో నీళ్లు పోసి శిష్యుల పాదములు కడిగిన వృత్తాంతము యోహాను సువార్త పదుమూడవ అధ్యాయములో కలదు. దుమ్ము నిండిన బాటలు నడచివచ్చిన అతిథికి కాళ్లు కడుగుట ఆ కాలమున, ఆ దేశమున దాసులు చేయవలసిన పని. అనేక సంఘములలో ఏటేట పవిత్ర గురువారమునాడు గురువులు పన్నిద్దరి పాదములు కడిగి ఆ ఘట్టమును స్మరింతురు. ముందుగనే శుభ్రముగా కడుగుకొని వచ్చిన పాదములను వెండి పళ్లెములో మరల కడుగుటవలన ఎవరికిని శ్రమ కలుగదు, అది వేరు మాట. నన్ను ఆకర్షించినవి ఆ వృత్తాంతములోని కొన్ని సూక్ష్మములు. మొదట పేతురు ఒప్పుకొనలేదు. అధికుని చేత సేవ చేయించుకొనుట మనుష్యునికి ఎంత ఇబ్బందియో ఆ నిరాకరణములో కనబడును. ప్రభువు కాళ్లు కడిగిన పిమ్మట ఇక వెనుకటివలె దూరముగా నిలిచి దండము పెట్టి తప్పించుకొనుటకు వీలులేదని పేతురు మనస్సు గ్రహించియే యుండును. తరువాత, ఆ కడిగించుకొన్నవారిలో ఇస్కరియోతు యూదా కూడ నుండెను. తనను అప్పగింపనున్నవాడితడని ఎరిగియు ప్రభువు అతని యెదుట మోకరించెనే గాని, చేసిన సేవకు ప్రతిఫలముగా విశ్వాసమును అడుగలేదు, ద్వారమును మూయలేదు, అతడు లేచి చీకటిలోనికి వెడలిపోయెను. కాళ్లు కడిగి ముగించిన పిమ్మట ప్రభువు తాను బోధకుడను, ప్రభువును కానని చెప్పలేదనుటయు గమనింపదగినది. నాయకుడననియే చెప్పి, నాయకుడు చేయవలసిన పని ఇదియని చూపించెను. వినయమనగా బాధ్యతను వదలుకొని మూలను కూర్చుండుటయని భావించువారు ఈ చోట ఒక క్షణము నిలిచి ఆలోచింపవలెను.

జెబెదయి కుమారులిద్దరు కుడియెడమల పీఠములను కోరిన కథ మార్కు సువార్తలో ఉన్నది. అది విని తక్కిన పదిమందికి కోపము వచ్చెనట! వారికి కోపము వచ్చినది ఆ కోరిక అన్యాయమని కాదు, తాము ముందుగా అడుగలేకపోతిమేయని అయియుండునని నాకు తోచును. అధికారులు జనులపై ప్రభుత్వము చేయుట లోకరీతియనియు, తన వారిలో అట్లుండరాదనియు, గొప్పవాడు కాగోరువాడు పరిచారకుడు కావలెననియు ప్రభువు అప్పుడే వారికి చెప్పెను. ఈ ఉపదేశమును రెండువేల సంవత్సరములుగా వినుచున్నాము. వినుచునే పీఠములు చేయించుకొనుచున్నాము.

చేసిన సేవవలన పుట్టిన ఋణమును ఏమి చేసినారను ఈ కొలతను గ్రంథములోనే ఉంచక మన మట్టి మీద పెట్టి చూడదలచినచో, ధాత నామ సంవత్సరమున విరుచుకుపడి 1876 మొదలు 1878 వరకు చెన్నపట్టణపు ఇలాకాను పీల్చి పిప్పి చేసిన మహాక్షామము కంటె తగిన సందర్భము దొరకదు. కరువును తనిఖీ చేయుటకై ప్రభుత్వము పంపిన సర్ రిచర్డ్ టెంపుల్, 1877 ఆరంభమున, దినమంతయు మట్టి మోసిన పురుషునికి ఒక పౌను ధాన్యమును ఒక అణాయు చాలునని నిర్ణయించెను. ఆ కూలి ఆయన పేరిటనే చరిత్రలో నిలిచిపోయినది. అట్టి కీర్తి ఎవరికిని వలదు. మద్రాసు పారిశుద్ధ్య కమిషనరు కార్నిష్ ఆ కొలత మనుష్యుని బ్రతికింపజాలదని వాదింపగా, కొన్ని నెలల పిమ్మట అది కొంత పెంచబడినది. ఆకలిగొన్నవాని ప్రాణము ఎంత తక్కువతో నిలుచునో లెక్కకట్టుటలోనే ఒక రాజ్యము తన మేధస్సును వెచ్చించిన కాలమది.

ఆ కాలమున ఒంగోలులో జాన్ ఎవరెట్ క్లౌ అను అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉండెను. జనులు ఆయనను క్లౌ దొరయనిరి. 1866లో ఒంగోలు చేరిన యీతడు మతబోధకుడగుటకు మునుపు అమెరికాలో భూములు కొలుచు సర్వేయరు పని చేసినవాడు. ఒంగోలు చేరిన క్రొత్తలోనే ఆయనకొక పరీక్ష ఎదురైనది. పైకులముల కుటుంబములు తమ పిల్లలను ఆయన బడికి పంపుచు ఆదరము చూపుచుండగా, మరియొక వంక తళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య అను మాదిగ పెద్ద మాటను విని ఆ కులమువారు సంఘములో చేరుటకు రాసాగిరి. వారిని చేర్చుకొన్నచో మేము రామని పెద్దింటివారు తెగేసి చెప్పిరి. క్లౌ దంపతులు ఒకరికొకరు చెప్పుకొనకయే వేర్వేరు గదులలో బైబిలు తెరవగా, దేవుడు లోకములో బలహీనులను, నీచులుగా ఎంచబడినవారిని ఏర్పరచుకొనెనని పౌలు కొరింథీయులకు వ్రాసిన భాగమే ఇరువురి కంటబడినదని ఆయన చరిత్రలో వ్రాయబడియున్నది. పెద్దింటి పిల్లలు బడి విడిచిరి. మాదిగవాడలు సంఘములోనికి వచ్చినవి. పలుకుబడి గలవారి ప్రాపును ఈ విధముగా ముందుగనే పోగొట్టుకొన్న మనుష్యునికి తరువాత కరువులో లభించిన అధికారము ఎట్టిదో చూడుడు.

బకింగ్‌హాం కాలువను కరువు పనిగా ప్రభుత్వము త్రవ్వించుచుండెను. అందు మూడు మైళ్లకు పైబడిన భాగమును క్లౌ కాంట్రాక్టు తీసికొనెను. గంజి కేంద్రము తెరచి చేయి చాపినవారికి దోసెడు పోసియుండవచ్చును. దానికి తగిన కీర్తియు వచ్చియుండును. ఆయన పని ఇచ్చెను, పనికి కూలి ఇచ్చెను. సర్వేయరుగా ఎన్నడో నేర్చిన కొలతల విద్య అప్పుడు అక్కరకు వచ్చెను. ఆయన బోధకులే మేస్త్రీలై అజమాయిషీ చేసిరి. వేలకొలది జనము పలుగు పార పట్టి, గంపలతో మట్టి మోసి, సాయంకాలమున కూలి చేతబట్టుకొని పాకలకు పోవుచుండిరి. రాత్రివేళ బోధకులు ఆ పాకల నడుమ కూర్చుండి సువార్త చెప్పుచుండిరి. విన్నవారిలో అనేకులు మమ్మును సంఘములో చేర్చుకొమ్మని అడిగిరి.

క్లౌ చేర్చుకొనలేదు. కరువు పనులు సాగినంతకాలము, సంవత్సరమునకు మించి, ఒక్కరికైనను బాప్తిస్మము ఇయ్యలేదు. మతప్రచారమునకే సముద్రములు దాటివచ్చిన మనుష్యుడు, వేలమంది తామై తలుపు తట్టుచుండగా, వలదు, ఆగుడని చెప్పి పంపివేయుటలో ఎంత నిగ్రహము కావలసి యుండునో ఊహింపుడు. ఆయనను పంపినవారు సంఖ్యలకై అమెరికాలో ఎదురుచూచుచుండిరి. ఆయనకు చేతినిండ సంఖ్యలు ఉండెను. లెక్క వ్రాయుట మాత్రమే తరువాయి. ఆకలిలో ఇచ్చిన మాటకు విలువ లేదని ఆయనకు తెలియును. అన్నము తన చేతిలో ఉన్నంతకాలము ఎదుటివాడు కాదనలేడనియు, కాదనలేనివాని అంగీకారము అంగీకారమే కాదనియు ఎరిగి, వారికి కడుపు నిండి, పైరు చేతికివచ్చి, దొరతో మాకిక పనిలేదని చెప్పి వెడలిపోగల స్వాతంత్ర్యము లభించువరకు ఆయన వేచియుండెను. మన రెండు తెలుగు రాష్ట్రములలో నాయకులమని చెప్పుకొను ప్రతివారును ఈ సంవత్సరపు కథను చదువవలెనని నా కోరిక.

1878 జూలైలో, సహాయద్రవ్యము పంచుట ముగిసిన పిమ్మట, గుండ్లకమ్మ యొడ్డునగల వెల్లంపల్లిలో జనులు గుమిగూడిరి. ఇక ఇచ్చుటకు క్లౌ యొద్ద ధనము లేదని వారికి చెప్పబడెను. మాకు ధనము వలదని వారు కాలువ త్రవ్వి కాయలు కాచిన అరచేతులు చూపిరట. తిన్నది కష్టార్జితమే గాని భిక్ష కాదని చెప్పుటకు ఆ చేతులకంటె సాక్ష్యమేమి కావలెను? జూలై 3వ తేదీ ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నదిలో దిగి బాప్తిస్మము ఇచ్చినవారు తెలుగు బోధకులు. ఆ సంఖ్య మిషనరీ చరిత్రలలో మిక్కిలి ప్రసిద్ధము. దానికి ముందున్న నిరాకరణపు నెలలను మాత్రము ఆ చరిత్రలను ఉత్సాహముగా చెప్పువారు ఒక వాక్యములో దాటవేయుట చూచినాను. నా దృష్టిలో సంఖ్య కంటె ఆ నెలలే గొప్పవి.

ఇంతటితో క్లౌ దొరను దోషరహితునిగా చిత్రింపబూనుట నా యుద్దేశము కాదు. దొరయను పిలుపులోనే మెట్టు ఉన్నది. ఆయన ఆ మెట్టు దిగినాడని చెప్పజాలము. కరువులో ఆదుకొన్నవారిపై కృతజ్ఞత కొందరి నిర్ణయములో పాలుపంచుకొని యుండదనియు ప్రమాణము చేయలేము. మనుష్యుని మనస్సును అంత నిక్కచ్చిగా వడబోయు జల్లెడ ఎవరియొద్దను లేదు. శతాబ్దములుగా ఊరి వెలుపల నిలుపబడినవారికి ఆత్మగౌరవమును కోరుట ఆత్మరక్షణను కోరుటతో కలిసియే యుండుననియు, అందులో సిగ్గుపడవలసినదేమియు లేదనియు నేనెంచుచున్నాను. ఉపకారము వలన లభించిన పట్టును ఉపయోగింపక విడిచిపెట్టుట ఆయన చేతనైనది. అది చాలమందికి చేతగానిది.

ఆ మెట్టును గూర్చియే మూడు దశాబ్దముల పిమ్మట మరియొకరు మాటలాడవలసి వచ్చెను. 1910 జూన్‌లో స్కాట్లండు దేశపు ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినది. వేయికి పైబడిన ప్రతినిధులలో ఆసియావాసులు ఇరువదిమందికి లోపే. వారిలో తిరునెల్వేలి మండలమున వెల్లాళన్‌విళై గ్రామములో 1874లో జన్మించిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఒకరు. ఆయన తమిళుడు, కాని తిరునెల్వేలి క్రైస్తవులు 1903లో తామే స్థాపించుకొన్న మిషనరీ సంఘము తరఫున, తెలుగు నేర్చి, నిజాము రాజ్యములోని డోర్నకల్లులో పనిచేయుచుండెను. ముప్పదియైదేండ్ల ఆ యువకుడు మహాసభయందు లేచి, మిషనరీల త్యాగమునకు భారతీయ సంఘము తరతరములు ఋణపడియుండునని మొదట కృతజ్ఞత తెలిపి, పిదప వారు భారతీయ సహచరులతో భోజనపంక్తిని పంచుకొనకపోవుటను, ఇండ్లకు పిలువకపోవుటను, దయచూపునప్పుడు కూడ పైనుండి క్రిందికి చూచు ధోరణిని విప్పి చెప్పెను. మీరు ఆస్తులిచ్చితిరి, దేహములను కూడ అర్పించితిరి, మాకు స్నేహితులను ఇండని అడుగుట ఆయన ఉపన్యాసపు సారము. సభలో కొందరు నొచ్చుకొనిరి. నొచ్చుకొనుట సహజమే, దాతను దాతయని పొగడుట అందరికిని తెలిసిన మర్యాద, స్నేహితుడవు కావలసినదని దాతను అడుగుట ఆ మర్యాదలో లేదు. పాదములు కడుగనీయని పేతురు ఇబ్బంది గ్రహీతకు సంబంధించినది. దాతకు కూడ అట్టి ఇబ్బందియే ఒకటి కలదని, గ్రహీత ప్రక్కన కూర్చుండుట దానము చేయుటకంటె కష్టమని అజరయ్య ఆ సభకు తెలిపెను.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ దేవాలయమున ఆయన డోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికన్ సంఘములో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడాయన. తెల్లవారు నల్లవాని క్రింద పనిచేయుదురాయని సందేహించినవారు మిషనరీలలోనే ఉండిరి. భారతీయ క్రైస్తవులలోను లేకపోలేదు. నేడు మహబూబాబాద్ జిల్లాలో రైల్వే జంక్షనుగా తెలిసిన ఆ చిన్న ఊరిని కేంద్రముగా చేసికొని, తాను 1945 జనవరి 1న మరణించువరకు, ఎడ్లబండి మీదను, సైకిలు మీదను మాల మాదిగ పల్లెల వెంట తిరిగి ఆయన పనిచేసెను. కళాశాలలో చదువుకొన్న ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ ఆ పల్లెసీమలోనే కాపురముండి ఆయనతోపాటు పాటుపడినది. 1939లో ప్రతిష్ఠింపబడిన డోర్నకల్ దేవాలయమున గుడి, మసీదు, చర్చి నిర్మాణరీతులు కలిసి కనబడును. చూడనివారు చూడదగినది.

అజరయ్య పాలన మెత్తనిదని ఎవరును చెప్పలేదు. క్రమశిక్షణ విషయమున ఆయన కఠినుడు. మద్యపానముతోను, సంఘములోనికి చొరబడిన కులభేదముతోను రాజీపడనివాడు. కరుణగల నాయకుడనగా అందరికిని అవునను నాయకుడని తలచువారికి ఆయన నచ్చడు. కాని అధికారము తనకై వచ్చి ఒడిలో వాలినప్పుడు ఆయన ఏమి చేసినాడో చూడవలెను. భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు ఉండవలెనను ప్రస్తావన వచ్చినప్పుడు ఆయన దానిని వ్యతిరేకించెను. సంఘము ఒక ఓట్ల మూటగా మారినచో, బాప్తిస్మము పొందు ప్రతి దీనుని వెనుకను ఒక రాజకీయ లెక్కయున్నదని లోకము అనుమానించుననియు, ఆ అనుమానము న్యాయమే కాగలదనియు ఎవరైనను ఊహింపగలరు. అట్టి నియోజకవర్గములవలన పలుకుబడి పెరుగుట బిషప్పులకే. ఆ లాభమును బిషప్పే వదలుకొనెను. 1930లలో దళితుల మతాంతరీకరణమును గాంధీమహాత్ముడు ఆక్షేపించినప్పుడు మాత్రము ఆయన తగ్గలేదు. తమ విశ్వాసమును తాము నిర్ణయించుకొను బుద్ధి ఆ పేదలకు కలదని ఆయన వాదము. కరువులో క్లౌ వేచియుండుటకును, గాంధీజీ యెదుట అజరయ్య నిలబడుటకును మూలమొక్కటే: దీనుడు అవుననగలవాడు, కాదనగలవాడు అను గౌరవము.

ఆ గౌరవమునకు ఇంకొక ముఖము ఉన్నది, దానిని మనము తరచుగా మరచుచున్నాము. పేదవాడు పుచ్చుకొనువాడేయని అజరయ్య ఒప్పుకొనలేదు. క్రైస్తవదానమును గూర్చి ఒక గ్రంథమే వ్రాసి, విదేశధనముపై ఆధారపడిన సంఘము ఎన్నటికిని ఎదుగజాలదని బోధించెను. వంటకు బియ్యము కొలుచునప్పుడు ఇల్లాలు పిడికెడు తీసి వేరొక కుండలో వేసి, అది నిండిన పిమ్మట గుడికి సమర్పించు ఆచారము దక్షిణదేశపు క్రైస్తవ పల్లెలలో నేటికిని ఉన్నది. కూలికి పోయి తెచ్చిన గింజలలో నుండి ఆ పిడికెడు తీసినప్పుడు ఆమె దాతయగును. ఆమె దాతయైన నాటినుండి ఉపదేశియైనను, గురువైనను, బిషప్పైనను ఆమెకు లెక్క చెప్పవలసినవాడగును. ఋణము దిశ మారినది. సేవకనాయకత్వమునకు ఇంతకంటె గట్టి పునాదిని నేను ఎరుగను. ఎందుచేతననగా నాయకుని మంచితనమును ఇది నమ్ముకొనదు, వానిని జవాబుదారుగా చేసి కూర్చుండబెట్టును.

ఇప్పటి స్థితిని చూతము. ప్రజల పన్నులతో కొన్న బియ్యపు సంచి మీదను, బడిపిల్లల పుస్తకపు సంచి మీదను, రైతు పాసుపుస్తకము మీదను నాయకుని చిత్రము కనబడిన కాలము మనది. ప్రతి ముద్దతోను ఎవరి ఉప్పు తినుచున్నామో గుర్తుచేయుట తప్ప ఆ చిత్రమునకు వేరు ప్రయోజనము లేదు. ఎన్నికల వేళ, మేమింత ఇచ్చితిమి, మీరేమి ఇత్తురని అడుగుటకు జంకు కూడ పోయినది. పార్టీ ఏదైనను తీరు ఒక్కటే, గనుక పేర్లతో పనిలేదు.

రాజకీయనాయకులను నిందించుట సులభము. పాదములు కడిగిన ప్రభువు పేర నడచు సంఘముల మాటయేమి? దైవజనుల జన్మదినములకు కూడళ్లలో ఫ్లెక్సీలు వెలయుచున్నవి. వేదికపై గురువులకు ఎత్తైన కుర్చీలు, సంఘపు పెద్దలకు వానికంటె పొట్టివి, ఆ పిడికెడు బియ్యము తెచ్చిన తల్లికి చాప. వరదలు వచ్చి సహాయము పంచునప్పుడు దుప్పటి అందుకొను ముసలివాని ముఖము కెమెరా వంక త్రిప్పబడుచున్నది. బిషప్పు మండలముల అధికార పదవులకు జరుగు ఎన్నికలు, ఆస్తులపై న్యాయస్థానములలో నడచు వ్యాజ్యములు పత్రికాపాఠకులకు క్రొత్తవి కావు. ఇవన్నియు మారుమూల పల్లెలో జీతము సరిగా అందక, రోగి మంచము ప్రక్క రాత్రంతయు కూర్చుండి, ఉదయమున బడి నడుపు ఉపదేశులు లేరని చెప్పుట కాదు. ఉన్నారు, వారివలననే సంఘము నిలిచియున్నది. పీఠములకై పోరాడువారు వారి పేర నిలిచియున్నారు.

కనుక సంఘాధికారులకు నాదొక విన్నపము. వచ్చు సంవత్సరము పవిత్ర గురువారమునాడు పాదములు కడుగు కార్యక్రమము జరుపుడు, మంచిదే. దానితోపాటు ఆ వారములోనే మీ మండలపు ఆదాయవ్యయముల పట్టికను, ఆస్తుల వివరములను, మీ జీతభత్యములతో సహా, ప్రతి పల్లె సంఘములోను తెలుగులో చదివించి, సభ్యులు అడిగిన ప్రశ్నలకు నిలబడి జవాబు చెప్పుడు. సహాయము పంచుచోట కెమెరాను నిషేధింపుడు. ప్రభుత్వములను నడుపువారు సంచుల మీదినుండి తమ చిత్రములను తీసివేయుటకు చట్టముతో కూడ పనిలేదు, ఒక్క ఉత్తరువు చాలును.